బీప్ వచ్చిందని వైరింగ్ బాగున్నట్టు కాదు

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. 2021లో కొన్న 150 సీసీ బీఎస్6 బండి, అంటే కార్బరేటర్ బదులు ఇంజెక్టర్ పెట్రోల్ చిమ్మే రకం. పొద్దున నందిగామలో బటన్ నొక్కగానే స్టార్ట్ అవుతుంది. కంచికచర్ల దాటి ఇబ్రహీంపట్నం చేరేలోపు, అంటే అరగంట నడిచాక, రెండు ఎక్కిళ్లు పెట్టి ఆగిపోతుంది. సెల్ఫ్ తిరుగుతుంది గానీ ఇంజన్ అందుకోదు. చెట్టు కింద పావుగంట నిలబెడితే ఏమీ ఎరగనట్టు మళ్లీ స్టార్ట్ అవుతుంది. మెకానిక్ ట్యాంకులోని పెట్రోల్ పంపు మార్చాడు, మూడు రోజులు బాగుండి మళ్లీ మొదటికొచ్చింది. వైరింగ్ అంతా మల్టీమీటరు పెట్టి చూశాడు, వైరు తెగకుండా ఉంటే మోగే బీప్ అన్నిచోట్లా వచ్చింది. ఇక మిగిలింది ఈసీఎమ్మే, అంటే ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్ పెట్టే అంటున్నాడు. "మార్పించమంటావా అన్నా?" అని అడిగావు.

వద్దు. ఇప్పుడే వద్దు. ఏలూరులో ఇరవై రెండేళ్లుగా బండ్ల వైరింగ్ పనే నాది. "ఈసీఎం పోయింది" అని నా దగ్గరికి తోసుకొచ్చిన బండ్లలో చాలావాటికి పోయింది ఎర్తో (బ్యాటరీ మైనస్‌కు తిరిగెళ్లే దారి), కప్లరో (వైర్లను కలిపే ప్లగ్గు), ఎవరో మధ్యలో కోసి టేపు చుట్టిన వైరో. పైగా నువ్వు రాసిన దాంట్లోనే ఒక ఆచూకీ ఉంది, మీ మెకానిక్ దాన్ని వదిలేశాడు. పంపు మార్చాక మూడు రోజులు బాగుంది అన్నావు చూడు, అదే. పంపు మార్చాలంటే ట్యాంకు దించాలి, కప్లర్ ఊడదీసి మళ్లీ పెట్టాలి. అలా పెట్టినప్పుడు లోపలి పిన్నులు ఒకదాన్నొకటి రాసుకుని, పట్టిన చిలుం కాస్త రాలి, కొత్తగా అంటుకుంటాయి. మూడు రోజుల వేడికి, అదురుకి మళ్లీ వదులవుతాయి. నిజంగా పాత పంపుదే తప్పయితే కొత్త పంపు మూడు రోజులకే అచ్చం అదే జబ్బు తెచ్చుకోదు కదా.

ముందు ఆ బీప్ సంగతి తేల్చుకుందాం. మీటరును బీప్‌లో పెట్టినప్పుడు అది వైరులోకి పంపే కరెంటు మిల్లీఆంపియర్లలో ఉంటుంది. చాలా మీటర్లు దారిలో 30 ఓమ్స్ అడ్డం ఉన్నా బీప్ కొట్టేస్తాయి. ఈ సైజు బండి పంపు సుమారు 2 ఆంపియర్లు లాగుతుందనుకో, అంటే దాన్ని 6 ఓమ్స్ కింద లెక్కేసుకోవచ్చు. దానికి 30 ఓమ్స్ తోడైతే పారే కరెంటు అర ఆంపియరు కూడా ఉండదు, పంపు కదలను కూడా కదలదు. అయినా మీటరు బీప్ అంటుంది! అంత దాకా ఎందుకు, ఒక్క ఓమ్ అడ్డం పడినా దాదాపు 2 వోల్టులు దారిలోనే అయిపోతాయి. బ్యాటరీలో పన్నెండున్నర ఉన్నా పంపుకు చేరేది పదిన్నర. ఆ ఒక్క ఓమ్‌ను ఓమ్స్‌లో పెట్టి పట్టుకుందామంటే చవక మీటరు వైర్లకే అర ఓమ్ దాకా ఉంటుంది, ఏది దేనిదో తేలదు. రాగి పోగులన్నీ తెగి ఒక్క పోగు మిగిలిన వైరు కూడా మీటరుకు మంచి వైరే. ఒంటిపోగు తాడు మీద పిచ్చుక వాలినా ఆగుతుంది, దానికి బిందె కట్టి బావిలోకి వదిలితే కదా తెలిసేది!

కాబట్టి వైరును బరువు మోస్తుండగా కొలవాలి. ఎలాగో చెబుతాను. అంతకంటే ముందు రోడ్డు మీద చేయాల్సిన పని ఒకటుంది.

బండి ఆగిన ఆ పావుగంటలోనే జబ్బు బయటపడి ఉంటుంది. షెడ్డుకు చేరేసరికి చల్లారి దాక్కుంటుంది. ఈసారి ఆగినప్పుడు ముందు ట్యాంకు మూత తెరువు. హుస్సుమని గాలి లోపలికి పీల్చుకుని, వెంటనే బండి స్టార్ట్ అయిందంటే మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయింది. నేను చెప్పబోయేదంతా నీకు అక్కర్లేదు, మూత శుభ్రం చేయించుకుని హాయిగా తిరుగు. నవ్వుతావేమో గానీ దీనికే పంపులు మార్పించుకున్నవాళ్లను చూశాను.

అది కాకపోతే మూత పెట్టేసి, కీ ఆఫ్ చేసి పది సెకన్లాగి, మళ్లీ ఆన్ చేసి ట్యాంకుకు చెవి ఆనించు. హ్యాండిల్ మీద ఇంజన్ ఆపే కిల్ స్విచ్ 'రన్' వైపే ఉండాలి సుమా. రెండు మూడు సెకన్లు పంపు "జుయ్" మని తిరిగి ఆగాలి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఆ శబ్దం ఎలా ఉంటుందో నాలుగు రోజులు విని గుర్తుపెట్టుకుంటే, ఆగినప్పుడు వచ్చే శబ్దానికి తేడా నీకే తెలుస్తుంది. అసలు శబ్దమే లేకపోతే పంపుకు కరెంటు అందడం లేదు. శబ్దం ఉండి నీరసంగా, మూలిగినట్టు ఉంటే కరెంటు అందుతోంది గానీ చాలినంత అందడం లేదు. శబ్దం మామూలుగానే ఉంటే మనం వెతకాల్సిన చోటు పంపు కాదు.

ఆ తర్వాత సెల్ఫ్ కొడుతూ మీటర్ బోర్డు మీద ఆర్‌పీఎం చూడు. సెల్ఫ్ తిరిగేటప్పుడు ముల్లు కొంచెం లేచినా, డిజిటల్ అయితే రెండు మూడు వందలు చూపించినా ఇంజన్ తిరగడాన్ని ఈసీఎంకు చెప్పే క్రాంక్ సెన్సార్ పనిచేస్తున్నట్టే. మా భాషలో పల్సర్ కాయిల్ అంటాం. ఎంత కొట్టినా సున్నా దగ్గరే ఉంటే అనుమానం దాని మీదకు వెళ్తుంది. వేడెక్కితే లోపలి తీగ విడిపోయి, చల్లారితే అతుక్కోవడం దానికి అలవాటే. అది చచ్చినప్పుడు స్పార్కూ ఉండదు, ఇంజెక్టరూ కొట్టదు, చాలా బండ్లలో సెల్ఫ్ కొట్టేటప్పుడు పంపు కూడా తిరగదు. అందుకే కీ ఆన్ చేయగానే వచ్చే ఆ మొదటి జుయ్ శబ్దాన్నే నమ్మాలి. సెల్ఫ్ గోలలో విని నిర్ణయానికి రావద్దు.

ఆగిన తీరు కూడా ఒక సాక్ష్యమే. కీ తిప్పేసినట్టు టక్కున ఆగితే స్పార్కు పోయిందో, ఇంజెక్టరుకు కరెంటు పోయిందో అయివుంటుంది. మీటర్ బోర్డు కూడా ఆరిపోతే ఇగ్నిషన్ స్విచ్, మెయిన్ ఫ్యూజు, బ్యాటరీ టెర్మినల్ చూడాలి. నీది ఎక్కిళ్లు పెట్టి ఆగుతోంది. పైపులో మిగిలిన ప్రెజర్ అయిపోతూ, మిక్స్చర్ (గాలి, పెట్రోల్ కలయిక) పలచబడి చావడం అలాగే ఉంటుంది. అందుకే నా అనుమానం పంపు దారి మీద ఉంది. పంపు మీద కాదు, దాని దారి మీద.

ఆ దారి ఇలా ఉంటుంది. బ్యాటరీ నుంచి మెయిన్ ఫ్యూజు, అక్కణ్నుంచి ఇగ్నిషన్ స్విచ్, కిల్ స్విచ్, పంపు రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్), ట్యాంకు కింద కప్లర్, పంపు, అక్కణ్నుంచి ఎర్తు. రిలేను లాగేది ఈసీఎం. బండి పక్కకు ఒరిగితే ఆపే టిల్ట్ సెన్సార్ మాట కూడా అది వింటుంది. (బండి కింద పడ్డాక లేపితే స్టార్ట్ కావట్లేదని తోసుకొస్తుంటారు. చాలా బండ్లకు కీ ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేస్తే సరిపోతుంది.) కొన్ని చిన్న బండ్లలో రిలే ఉండదు. కీ ఆన్ చేయగానే పంపుకు ప్లస్ వచ్చేస్తుంది, ఎర్తును ఈసీఎం తానే కలిపి తీస్తుంది. నీ బండి ఏ రకమో వైరింగ్ డయాగ్రాం చూసి తేల్చుకో, ఎందుకంటే కింద చెప్పబోయే బల్బు పరీక్ష రెండింటికీ ఒకేలా చేయకూడదు.

బల్బు అంటే 12 వోల్టుల 21 వాట్ల పాత ఇండికేటర్ బల్బు. హోల్డర్‌తో సహా తెచ్చుకో. అది లాగేది సుమారు పావు తక్కువ 2 ఆంపియర్లు, అంటే దాదాపు పంపు లాగినంత. ట్యాంకు కింద కప్లర్ ఊడదీసి, పంపు స్థానంలో ఈ బల్బు పెట్టు. రిలే ఊడదీసి, సాకెట్‌లో 30, 87 అని నంబర్లున్న రంధ్రాల మధ్య (రిలే కలిపేది ఈ రెండింటినే) 10 ఆంపియర్ల ఫ్యూజు ఉన్న చిన్న వైరు ముక్క పెట్టు. కీ ఆన్ చేస్తే బల్బు వెలిగి అలాగే ఉంటుంది, రెండు సెకన్లకు ఆరిపోదు. ఇప్పుడు బల్బును చూస్తూ హ్యాండిల్ ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పు. సీటు కింద వైరింగ్ కట్టను గుప్పిట పట్టి కదుపు. కిల్ స్విచ్ నాలుగుసార్లు వేసి తీయి. ఇగ్నిషన్ కీని అటూ ఇటూ కొద్దిగా ఊపు. బల్బు ఎక్కడ కన్ను గీటితే అక్కడే దొంగ. దీన్ని అంకెల్లో చూడాలనుకుంటే మీటరు తిరిగి సర్దుకునేలోపు ఆ గీటడం అయిపోతుంది, బల్బులో మాత్రం కంటికి కనబడిపోతుంది.

రిలే లేని బండికైతే ఈ బల్బును పంపు రెండు వైర్ల మధ్య పెట్టొద్దు. చల్లటి బల్బు వెలిగే మొదటి క్షణంలో మామూలు కంటే దాదాపు పది రెట్లు కరెంటు లాగుతుంది, ఈసీఎం లోపలి ట్రాన్సిస్టర్ దాన్ని తట్టుకుంటుందన్న హామీ లేదు. బల్బు ఒక కాలు పంపు ప్లస్ వైరుకు, రెండో కాలు నేరుగా బ్యాటరీ మైనస్‌కు పెట్టి ప్లస్ దారి ఒక్కటే చూడు. ఇంజెక్టర్ వైర్లకు గానీ, 5 వోల్టుల సెన్సార్ వైర్లకు గానీ బల్బు ముట్టించనే వద్దు. అక్కడ డిజిటల్ మీటరే.

బల్బు కన్ను గీటకపోతే అప్పుడు మీటరు తీద్దాం, ఓమ్స్‌లో కాదు, డీసీ వోల్టుల్లో. రిలే, కప్లర్ తిరిగి పెట్టేసి, ఇంజన్ ఆన్ చేసి, కప్లర్ వెనక నుంచి వైరు పక్కగా సన్నటి గుండుసూది దూర్చు. ఇన్సులేషన్ పొడవొద్దు, ఆ చిల్లులోంచి వానాకాలం నీరు దిగి ఏడాదిలో ఇంకో జబ్బవుతుంది. రెండు సూదులు పెట్టాల్సి వస్తే ఒకదానికొకటి తగలనివ్వకు. మీటరు ఎర్ర వైరు బ్యాటరీ ప్లస్ మీద, నల్ల వైరు పంపు ప్లస్ సూది మీద పెడితే ప్లస్ దారిలో ఎంత పోతోందో నేరుగా కనిపిస్తుంది. తర్వాత ఎర్రది పంపు మైనస్ మీద, నల్లది బ్యాటరీ మైనస్ మీద పెడితే ఎర్తు దారిలో ఎంత పోతోందో తెలుస్తుంది. ఎర్తు వైపు 0.2 వోల్టు లోపు ఉండాలి. ఈసీఎమ్మే ఎర్తు కలిపే బండ్లలో ఇంకాస్త ఎక్కువ కనిపించినా కంగారు పడకు. ప్లస్ వైపు స్విచ్‌లు, రిలే అన్నీ దాటి రావాలి కాబట్టి అర వోల్టు దాకా సర్దుకోవచ్చు. ఒక వోల్టు కనిపిస్తే మాత్రం ఒక్కో మెట్టు వెనక్కి వెళ్లు: రిలే దగ్గర ఎంత, కిల్ స్విచ్ దగ్గర ఎంత, ఇగ్నిషన్ స్విచ్ దగ్గర ఎంత. ఏ రెండింటి మధ్య అంకె గెంతుతుందో రోగం ఆ మధ్యే ఉంది.

ఇదంతా చల్లటి బండి మీద చేస్తే సగం పనే. నీ బండి వేడెక్కాక కదా మొరాయించేది. రాగి వేడెక్కితే రెసిస్టెన్స్ కొద్దిగా పెరుగుతుంది, అది పెద్ద లెక్క కాదు. అసలు తంటా వదులు జాయింటుతో. అది తన వేడికి తానే వ్యాకోచించి ఇంకా వదులై, ఇంకా వేడెక్కుతుంది. ఇంట్లో జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యర్ ఉంటే తెచ్చుకో. బల్బు వెలుగుతుండగా కప్లర్‌కు రెండు నిమిషాలు, తర్వాత ఇగ్నిషన్ స్విచ్ కింద వైర్లకు రెండు నిమిషాలు ఒక్కోచోటే వేడిగాలి కొట్టు. ట్యాంకు దగ్గర మాత్రం వద్దు, డ్రయ్యర్ లోపల ఎర్రగా కాలే తీగ ఉంటుంది. ట్యాంకు దించి, దూరంగా నీడలో పెట్టాకే ఈ పని.

రిలేకు ఇంత హంగామా అక్కర్లేదు. చాలా బండ్లలో పక్కనే అదే నంబరు రిలే ఇంకోటి ఉంటుంది, రెండింటినీ అటూ ఇటూ మార్చి వారం నడుపు. రిలే "టిక్" మంది కాబట్టి మంచిదే అనుకోవద్దు. టిక్ అన్నది దాని కాయిల్ శబ్దం, లోపల కాంటాక్టు నల్లగా కాలిపోయి ఉన్నా టిక్ అంటూనే ఉంటుంది. ఇది కూడా ఆ బీప్ లాంటి సాక్ష్యమే.

పోయిన ఎండాకాలం నా దగ్గరికి వచ్చిన బండి సంగతి చెప్తాను. అచ్చం నీ కథే, కాకపోతే ఆయన అప్పటికే రెండు పంపులు మార్పించాడు. బల్బు పెట్టాను, దివ్యంగా వెలిగింది. హ్యాండిల్ తిప్పినా, వైరింగ్ కదిపినా చలించలేదు. ఇక సీటు కింద చేత్తో తడుముకుంటూ పోతుంటే ఒకచోట వైరు కట్ట కాస్త లావుగా, జిగటగా తగిలింది. టేపు విప్పితే లోపల ఎవరో ఫాగ్ ల్యాంపుల కోసం పంపు ప్లస్ వైరు పైతోలు గీకి, దాని మీద ఇంకో వైరు మెలేసి పెట్టారు. ఫాగ్ ల్యాంపులు ఎప్పుడో తీసేశారు, మెలిక మాత్రం అలాగే ఉండిపోయింది. రాగి మొత్తం ఆకుపచ్చ చిలుం, వేలితో నలిపితే పొడి రాలింది. వేడిగాలి కొట్టి రెండు నిమిషాలు కాకముందే బల్బు నారింజ రంగుకు తిరిగింది. ఆయన ముఖం చూడాలి అప్పుడు! నీ బండికి ఫాగ్ ల్యాంపులు, ఫోన్ చార్జరు, గట్టి హారన్ లాంటివి ఎవరైనా బిగించారా? నువ్వు రాయలేదు. బిగించి ఉంటే ముందు అక్కడే విప్పి చూడు. ఎలుకలు కొరికిన గాట్లు కూడా అక్కడే దొరుకుతాయి, సీటు కింద వాటికి మంచి వెచ్చటి చోటు.

కప్లర్ విషయంలో ఒక చిన్న పరీక్ష ఉంది, మీటరు కూడా అక్కర్లేదు. అదే సైజు మగ పిన్ను ఒకటి విడిగా తీసుకుని, కప్లర్‌లోని ఒక్కో ఆడ పిన్నులోకి దూర్చి లాగి చూడు. వేళ్లకు బిగువు తెలియాలి. జారుడుబండ మీద జారినట్టు వచ్చేస్తే ఆ పిన్ను నోరు తెరుచుకుపోయింది. సన్నటి సూదితో దాని నాలుకను లోపలికి నొక్కితే తాత్కాలికంగా బిగుస్తుంది, మార్చేస్తే ఇంకా మంచిది. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ఆరాక కప్లర్ అంచు చుట్టూ రవ్వంత సిలికాన్ గ్రీజు పూయి. వాటర్ వాష్ అబ్బాయికి ట్యాంకు కింద ప్రెజర్ గన్ పెట్టొద్దని చెప్పు. చెబితే వినడు, దగ్గరుండి చూసుకో.

తెగిన వైరు దొరికితే రాగి మెరిసే దాకా వెనక్కి కోసి, అదే మందం వైరు ముక్క వేసి, క్రింప్ చేసి (లోహపు గొట్టంలో పెట్టి నొక్కి), పైన వేడికి ముడుచుకునే హీట్ ష్రింక్ స్లీవ్ వేయించు. ఉత్త సోల్డరింగ్ నాకు నచ్చదు. సోల్డర్ పాకినంత మేర వైరు పుల్లలా గట్టిపడి, అది ఆగిన అంచు దగ్గర బండి అదురుకు మళ్లీ తెగుతుంది. హ్యాండిల్ మెడ దగ్గర, వైరు వంగే చోట అసలు జాయింటే వేయకూడదు.

ఈసీఎం గుర్తుపెట్టుకున్న తప్పుల నంబర్లు చదివే స్కానర్ పెట్టిస్తే కోడ్ ఏమీ రాలేదన్నావు, దాంట్లో వింతేం లేదు. ఇలాంటి బండ్లలో పెట్రోల్ ప్రెజర్ కొలిచే సెన్సార్ సాధారణంగా ఉండదు. పంపు 3 బార్ ప్రెజర్ ఇస్తోందో, ఒకటే ఇస్తోందో ఈసీఎంకు తెలిసే దారి లేదు. తెలియని దాని మీద అది లైటు వెలిగించలేదు. వచ్చే కోడ్‌లను కూడా అక్షరాలా నమ్మకూడదు. ఉదాహరణకు హోండా బండ్లలో చెక్ లైటు 12 సార్లకు సమానంగా మెరిస్తే, అంటే ఒక పొడుగు మెరుపు (అది పదికి లెక్క), రెండు పొట్టి మెరుపులు, ఇంజెక్టర్ కోడ్. అలా రాగానే ఇంజెక్టర్ మార్చేస్తారు. ఆ కోడ్ చెప్పేది ఇంజెక్టర్ కరెంటు దారిలో తేడా ఉందని మాత్రమే. కప్లర్ ఊడినా అదే వస్తుంది, వైరు తెగినా అదే వస్తుంది. ఇంజెక్టర్ రెండు కాళ్ల మధ్య 11 నుంచి 13 ఓమ్స్ దగ్గర ఉంటే దాని కాయిల్ బాగున్నట్టే. అదే ఇంజెక్టర్ చెత్తతో మూసుకుపోతే ఏ కోడూ రాదు.

బ్యాటరీని మరిచిపోవద్దు. రాత్రంతా నిలబెట్టాక 12.4 వోల్టుల పైన ఉండాలి, ఇంజన్ రేజ్ చేసినప్పుడు పదమూడున్నర, పద్నాలుగున్నర మధ్య. సెల్ఫ్ కొట్టేటప్పుడు తొమ్మిదిన్నర కింద పడిపోతే ఈసీఎం కళ్లు తిరిగి పడిపోతుంది, మనం పంపును తిడతాం. కార్బరేటర్ బండి బ్యాటరీ చచ్చినా కిక్ కొడితే కదిలేది. ఆ రోజులు పోయాయి.

ఇక రిజర్వ్‌లో తిరిగే అలవాటు ఉంటే మానుకో. పంపు మోటారును చల్లబరిచేది చుట్టూ ఉన్న పెట్రోలే. మండుటెండలో అడుగంటిన ట్యాంకుతో యాభై కిలోమీటర్లు తిప్పితే కొత్త పంపు కూడా పాతదవుతుంది. పెట్రోల్ పైపు ఊడదీయాల్సి వస్తే ముందు పంపు కప్లర్ తీసి, ఇంజన్ ఆన్ చేసి తనంతట తాను ఆగేదాకా నడపనివ్వు, లేకపోతే 3 బార్ ప్రెజర్‌తో పెట్రోల్ ముఖాన చిమ్ముతుంది. పైపు కింద గుడ్డ పెట్టు, బ్యాటరీ మైనస్ తీసెయ్. పంపుకు నేరుగా బ్యాటరీ వైర్లు ట్యాంకు దగ్గర ముట్టించి చూసేవాళ్లున్నారు. ఆ నిప్పురవ్వ చాలు, బండితో పాటు షెడ్డు కూడా పోతుంది. నేరుగా ఇవ్వాలంటే పైన చెప్పినట్టు రిలే సాకెట్ దగ్గరే ఇవ్వాలి.

ఆదివారం ఖాళీ చేసుకుని ఈ వరుసలో చూడు: ట్యాంకు మూత, శబ్దం, సీటు కింద టేపు చుట్టిన చోట్లు, కప్లర్ పిన్నులు, ఆ తర్వాతే బల్బు, మీటరు. ప్లస్ వైపు ఎంత పడింది, మైనస్ వైపు ఎంత పడింది, రెండు అంకెలూ చల్లటి బండి మీదవి, వేడి బండి మీదవి విడివిడిగా రాసి పెట్టు, మిగతాది చూద్దాం. ఇంకో మాట, ఆ పాత పంపు మీ మెకానిక్ ఇంకా పారేయకపోతే అడిగి తెచ్చుకుని దాచుకో. అది బాగానే ఉండి ఉంటుంది.